నాలుగో గ్లాసు

స్లేట్‌ఫోర్క్ లోయలో ఒకప్పుడు ఇద్దరు వెర్లిన్‌లు ఉండేవాళ్ళు. గనిలో పనిచేసే ఆయన్ని బొగ్గు వెర్లిన్ అనేవారు. ఊరికి నీళ్ళు వదిలే వెర్లిన్ స్టిడమ్‌ని నీళ్ళ వెర్లిన్ అనేవారు. గని మూతబడింది, ఆ తర్వాత బొగ్గు వెర్లిన్ కూడా పోయాడు, అయినా ఈయన మాత్రం నీళ్ళ వెర్లిన్‌గానే ఉండిపోయాడు. ఆ పేరంటే ఆయనకి ప్రాణం. అమెరికాలోని తూర్పు కెంటకీలో ఏ మూలకి వెళ్ళినా అదే పేరు చెప్పుకుని కరచాలనానికి చెయ్యి చాపేవాడు.

అరవై ఒక్క ఏళ్ళొచ్చినా ఆయనకి బీపీ లేదు, షుగరు లేదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే. అది కొండకి అవతల, పన్నెండు మైళ్ళ దూరంలో, నీలం రంగు రేకుల కప్పు కింద మెరిసిపోతున్న రెడ్‌బడ్ ఊరి నీళ్ళ ప్లాంటు.

ఆ ప్లాంటు కట్టి అయిదేళ్ళయింది. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా వెర్లిన్ తన ట్రక్కుని తెలియకుండానే నెమ్మది చేస్తాడు. "ప్రభుత్వ నిధులతో నిర్మించబడినది" అన్న బోర్డుని చదువుతాడు. వెళ్ళేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి. చుట్టూ వేసిన కంచె కొత్తది. పచ్చిక కత్తిరించే బండి కూడా కొత్తదే. "గడ్డి కొయ్యడానికి కూడా సర్కారు డబ్బే!" అని పళ్ళు నూరుకుంటాడు. తన ప్లాంటులో పచ్చిక ఆయన తన ఇంటి నుంచి తెచ్చుకున్న మెషీన్‌తో తనే కోస్తాడు మరి.

అన్నిటికంటే మంట పుట్టించే సంగతి ఇంకొకటి ఉంది. ఆ ప్లాంటు నడిపే డోయల్ కాడిల్ ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే. ఆరేళ్ళు వెర్లిన్ వెనకాలే తిరిగాడు. ఏటి నీళ్ళు మట్టిగా వచ్చిన రోజున పటిక ఎంత వెయ్యాలో, ఆరు గాజు జాడీల్లో ఆరు రకాలుగా కలిపి చూసి ఎలా తేల్చుకోవాలో, ఇసుక ఫిల్టరుని ఎప్పుడు కడగాలో, అన్నీ చేత్తో పట్టుకుని నేర్పింది వెర్లినే. ఇప్పుడు ఆ డోయల్‌కి నలభై ఏళ్ళు, ఇంట్లో సోఫాలో కూర్చుని ఫోను మీద వేలు పెట్టి వాల్వులు తిప్పుతాడు. వెర్లిన్ వాల్వు తిప్పాలంటే మోకాళ్ళ లోతు బురదలో దిగి నాలుగడుగుల ఇనప తాళంచెవి పట్టుకుని మూలగాలి.

కిందటి చలికాలంలో రెడ్‌బడ్‌లో పెద్ద పైపు పగిలి ఊరంతా ఒకపూట నీళ్ళు ఆగిపోయాయి. ఆ కబురు విన్న రోజు వెర్లిన్ బీన్సు, మొక్కజొన్న రొట్టె రెండోసారి వడ్డించుకుని తిన్నాడు. "పాపం" అని నోటితో అన్నాడు గానీ మొహం మాత్రం పండగ చేసుకుంది. సాయంత్రానికల్లా డోయల్ దాన్ని బాగుచేశాడని తెలిసి, తిన్నది అరగలేదు.

రెడ్‌బడ్‌కి డబ్బు ఎలా వచ్చిందో వెర్లిన్‌కి బాగా తెలుసు. తెలిసే ఒప్పుకోడు. రాష్ట్ర ప్రభుత్వం ఏటా ఒక జాబితా వేస్తుంది. ఏ ఊరి నీళ్ళ కష్టం ఎక్కువో ఆ ఊరికి ఎక్కువ మార్కులు, ఎక్కువ మార్కులున్న ఊరికి ముందు డబ్బు. ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. ప్లాంటు నుంచి పంపిన నీళ్ళలో నూటికి ఎన్ని పాళ్ళు దారిలో కారిపోతున్నాయి? డోయల్ ఉన్నదున్నట్టు యాభై ఒకటి అని రాసి, తుప్పుపట్టి జల్లెడైపోయిన పైపు ముక్కని ఫొటో తీసి జతచేశాడు. వెర్లిన్ మాత్రం ముప్ఫై ఏళ్ళుగా ఒకటే అంకె రాస్తున్నాడు, పన్నెండు. అసలు లెక్క యాభై ఎనిమిది. అది ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు, ఆయనకి మాత్రం ఇంటి నంబరులా గుర్తుంది.

మోసం చెయ్యాలని కాదు. తన నీళ్ళలో సగానికి పైగా నేలపాలవుతున్నాయని తన చేత్తో రాసి రాజధానిలో ఎవరో టై కట్టుకున్నవాడికి పంపడం ఆయన వల్ల కాలేదు. అలా రాసినవాణ్ణి చూస్తే ఆయనకి రోత. డోయల్‌కి డబ్బొచ్చిందని విన్నప్పుడు, "గిన్నె పట్టుకుని అడుక్కున్నాడు, వేశారు" అన్నాడు. పన్నెండు పాళ్ళే కారిపోతున్న ఊరికి కష్టమేముందని స్లేట్‌ఫోర్క్‌ని జాబితాలో ప్రతి ఏడూ అట్టడుగున పెట్టేవారు.

ఆయన గర్వానికి ఆధారం లేకపోలేదు. ఏరు పొంగి లోయ లోయంతా మునిగిన ఏడాది ఆయన పదకొండు రోజులు ఇంటికి పోకుండా ప్లాంటులోనే ఉన్నాడు. పంపుల చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, నడుము లోతు నీళ్ళలో నిలబడి క్లోరిన్ కలిపాడు. చుట్టుపక్కల ఆరు ఊళ్ళలో కుళాయి ఆగనిది ఒక్క స్లేట్‌ఫోర్క్‌లోనే. తర్వాత చర్చిలో ఆయన లోపలికి రాగానే అందరూ లేచి నిలబడ్డారు. ఆయన ఆ రోజుని మరిచిపోలేదు. ఊరు కొంచెం మరిచిపోయింది.

ఊరికి గుర్తున్నది కుళాయిలో వచ్చే ఎర్ర నీళ్ళు. "ప్లాంటు దగ్గర అద్దంలా ఉంటాయి, పైపులే చెడగొడుతున్నాయి. పది నిమిషాలు కుళాయి వదిలేస్తే తేటగా వస్తాయి" అని వెర్లిన్ అందరికీ చెప్పేవాడు. జనం తలూపి, వారానికోసారి డబ్బాలు వేసుకుని ఎక్కడెక్కడికో పోయి నీళ్ళు తెచ్చుకునేవారు.

ఆయన భార్య ఓనీడా మాత్రం ఆయన మాట మీదే నిలబడింది. అలా అని ఆయన నమ్మకం. రోజూ సాయంత్రం ఆరింటికి ఆయన బూట్లు విప్పి వంటింట్లో కూర్చోగానే ఫ్రిజ్‌లోంచి నీలం పువ్వుల గాజు కూజా తీసి గ్లాసు నింపి ఇచ్చేది. పగలంతా ఆయన తాగేది ఆవిడ ఫ్లాస్కులో పోసిచ్చిన కాఫీయే కాబట్టి, ఆ గ్లాసంటే ఆయనకి మహా ఇష్టం. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకునేవాడు.

"ఇదీ నీళ్ళంటే. ఓనీ, చెప్పు, ఆ డోయల్ గాడి మెషీన్లు చస్తే ఇలాంటి నీళ్ళు చెయ్యగలవా?"

"తాగవయ్యా, చల్లారిపోతాయి" అనేది ఓనీడా పొయ్యి వైపు తిరిగి.

"చల్లటివి చల్లారడమేంటే?"

"అయితే వేడెక్కిపోతాయి. తాగు."

ఆవిడకి కుడి మోకాలు నొప్పి. అయినా మంగళవారం, శుక్రవారం రెడ్‌బడ్‌లో ఉన్న చెల్లెలు లర్లీన్ ఇంటికి దుప్పట్లు కుట్టడానికి వెళ్ళేది. రెండేళ్ళలో ఒక్క దుప్పటీ పూర్తయి ఇంటికి రాలేదు. రెడ్‌బడ్ పేరెత్తడం ఇష్టంలేక వెర్లిన్ ఎప్పుడూ అడగలేదు.

అక్టోబరులో ఒక బుధవారం, ఊరి వాటర్ బోర్డు పెద్ద మేవిస్ ట్రెడ్‌వే ప్లాంటుకొచ్చింది. ముప్ఫై ఏళ్ళు బడి వంటశాలలో వండి రిటైరైన మనిషి. గొంతు ఇప్పటికీ మూడొందల మంది పిల్లల్ని కూర్చోబెట్టేలా ఉంటుంది. చేతిలో ఒక ఫారం.

"వెర్లినూ, ఈసారి నిధులు గట్టిగా ఉన్నాయట. రెడ్‌బడ్ నుంచి కొండ మీదుగా మనకి పైపు వేస్తారు. ఊళ్ళో పాత పైపులన్నీ పీకి కొత్తవి వేస్తారు. అంతా సర్కారు డబ్బే."

"మరి నా ప్లాంటో?"

"మూసెయ్యాలి. అది వాళ్ళ షరతు."

వెర్లిన్ తుడుచుకున్న చేతులనే గుడ్డతో మళ్ళీ తుడుచుకున్నాడు. "అంటే డోయల్ గాడి నీళ్ళు మన ఊరు కొనుక్కు తాగాలి."

"మంచి నీళ్ళు తాగాలి. అవి ఎవడివైతే నాకేం? ఇదుగో, పదకొండో గడి. లీకుల అంకె నువ్వే రాసి సంతకం పెట్టాలి. లైసెన్సున్నది నీకొక్కడికే. పన్నెండని రాశావంటే ఈ ఏడూ మనకి సున్నా."

"పన్నెండే కదా మరి."

"నిన్న మా ఇంట్లో టబ్బు నింపితే టీ కాచినట్టుంది. పైన దేవుడు చూస్తున్నాడు వెర్లినూ."

"దేవుడికి లైసెన్సు లేదు" అన్నాడు వెర్లిన్.

మేవిస్ నవ్వలేదు. ఫారం బల్ల మీద పెట్టి, అది ఎగిరిపోకుండా పైన ఒక రెంచి పెట్టింది. "సోమవారం సాయంత్రం అయిదుకి గడువు. నిన్ను కాదని నేను రాయలేను, రాసినా చెల్లదు. ఆలోచించు."

ఆవిడ వెళ్ళిపోయాక వెర్లిన్ ఆలోచించినదేమీ లేదు. పెన్ను తీసి పన్నెండని అప్పుడే రాసేసేవాడే. శనివారం పోటీ అయ్యాక రాస్తే ఇంకా దర్జాగా ఉంటుందని ఆగాడు.

జొన్న కాడల రసం కాచి బెల్లప్పాకంలా తీసే జొన్నపాకం పండగలో ఏటా నీళ్ళ రుచి పోటీ జరుగుతుంది. చుట్టుపక్కల ఆరు ఊళ్ళ ప్లాంటుల వాళ్ళూ తమ ఊరి కుళాయి నీళ్ళు ఒక్కో సీసా పట్టుకొస్తారు. రంగు తెలియకుండా వాటిని నంబర్లు వేసిన ముదురు నీలం గ్లాసుల్లో పోస్తారు. ఏ నంబరు ఏ ఊరిదో ఒక కవరులో వేసి అంటిస్తారు. ముగ్గురు పెద్దమనుషులు రుచి చూసి మార్కులేస్తారు. అంతవరకూ మామూలే. ఆ తర్వాత నీళ్ళ వాళ్ళకే చెందిన ముచ్చట ఒకటుంది. ఫలితం చెప్పకముందు ప్రతి ఊరి మనిషీ వచ్చి ఆరు గ్లాసులూ రుచి చూసి, తన నీళ్ళు ఏవో తనే గుర్తుపట్టాలి. తప్పు చెప్పినవాడు పండగ ముగిసేదాకా గ్లాసులు కడగాలి. కిందటేడు వానకి పోటీ రద్దయింది గానీ, అంతకుముందు పందొమ్మిదేళ్ళలో వెర్లిన్ ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. బహుమతి రిబ్బను రాని ఏడాది కూడా ఆ గౌరవం ఆయనదే.

ఈసారి పండగ రెడ్‌బడ్‌లో. ఆ సంగతికే వెర్లిన్‌కి పొద్దున్నుంచీ తల దిమ్మెక్కి ఉంది. వీధి పొడుగునా జొన్నపాకం కాగుతున్న తియ్యటి పొగ. ఓనీడా తను కాల్చిన 'యాపిల్ పై' తెచ్చి తినుబండారాల బల్ల దగ్గర లర్లీన్ పక్కన నిలబడింది. డోయల్ ఎదురొచ్చి టోపీ తీశాడు.

"వెర్లిన్ బాబాయ్! రావేమో అనుకున్నా."

"ఎందుకు రాను? నా నీళ్ళేం కుంటివి కావు."

"అది కాదు బాబాయ్, ఒకసారి మా ప్లాంటు లోపలికి వచ్చి చూడు. అయిదేళ్ళయింది, గుమ్మం తొక్కలేదు. నువ్వు చూడకపోతే నాకు వెలితిగానే ఉంది."

"బోర్డు చదివాన్లే. అందులోనే అంతా ఉంది" అని వెర్లిన్ పక్కకి జరిగాడు. డోయల్ మర్యాద ఆయనకి ఎప్పుడూ గొంతులో ముల్లే. వాడు ఒక్కసారి పొగరుగా మాట్లాడితే హాయిగా అసహ్యించుకోవచ్చు, ఆ అవకాశం కూడా వాడివ్వడు.

ఆయన వంతు వచ్చింది. నూటయాభై మంది దాకా చుట్టూ మూగారు. మేవిస్ ముందు వరసలోనే ఉంది. ఆవిణ్ణి చూసి వెర్లిన్ ఛాతీ కొంచెం ముందుకొచ్చింది.

మొదటి గ్లాసు తాగాడు. "గంధకం. బావి నీళ్ళు. కోల్‌మాంట్ వాళ్ళవి." జనం చప్పట్లు కొట్టారు. రెండో గ్లాసు నోట్లో పోసుకుని మొహం చిట్లించాడు. పుక్కిలించి పక్కనున్న బకెట్‌లో ఉమ్మేశాడు.

"ఇది మన డోయల్‌ది."

"ఎలా చెప్పావ్ వెర్లినూ?" అని ఎవరో అరిచారు.

"కుళ్ళిన ఆకుల వాసన. పైన ఘాటుగా క్లోరిన్. మంచం కింద నెల్లాళ్ళున్న మేజోడు పిండినట్టుంది. ఫోను మీద వేలు పెట్టి నడిపితే ఇలాగే ఉంటుంది. నీళ్ళ దగ్గర మనిషుండాలి నాయనా!"

జనం విరగబడి నవ్వారు. డోయల్ నవ్వలేదు, అలా అని కోపంగానూ లేడు. వాడి మొహంలో ఏదో కంగారు. అది చూసి వెర్లిన్‌కి అయిదేళ్ళ మంట ఒక్కసారి చల్లబడ్డట్టయింది.

మూడోది పెదవికి తాకించి వదిలేశాడు. నాలుగో గ్లాసు తాగాడు. ఒక గుక్క, కళ్ళు మూసుకున్నాడు. ఇంకో గుక్క. గ్లాసు మొత్తం ఖాళీ చేశాడు.

"ఇవీ. ఇవి నావి. ఎవరైనా చిన్నపిల్లని పిలిచి అడగండి, చెప్తుంది. వాసన లేదు, జిడ్డు లేదు, గొంతులో దిగుతున్నట్టే ఉండదు. ముప్ఫై తొమ్మిదేళ్ళు చేశాన్రా వీటిని. నిద్రలో లేపి తాగించినా ఇవి నా నీళ్ళని చెప్తాను. మేవిస్, విన్నావా? ఈ నీళ్ళు చేసే ప్లాంటుని మూసెయ్యమంటున్నారు!"

తినుబండారాల బల్ల దగ్గర ఏదో కిందపడ్డ చప్పుడైంది. ఓనీడా చేతిలోని యాపిల్ 'పై' పళ్ళెం.

కవరు చించారు. జడ్జీలు ఒక పెద్దావిడ చేతికి కాయితం ఇచ్చారు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివింది. "మొదటి బహుమతి నాలుగో గ్లాసు." వెర్లిన్ రెండు చేతులూ పైకెత్తాడు. "రెడ్‌బడ్." చేతులు అక్కడే ఉండిపోయాయి. "ఆఖరి స్థానం, రెండో గ్లాసు. స్లేట్‌ఫోర్క్."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. వాళ్ళందరికీ ఏరు పొంగిన ఏడాది గుర్తొచ్చినట్టుంది.

డోయల్ గబగబా ముందుకొచ్చాడు. "ఆగండాగండి. నంబర్లు అతికించింది నేనే. తారుమారు చేసుంటాను. బాబాయ్ తప్పు చెప్పడం ఎప్పుడైనా చూశారా?"

వాడు అబద్ధమాడుతున్నాడని అందరికీ తెలుసు. నంబర్లు అతికించింది పండగ కమిటీ వాళ్ళు. వెర్లిన్‌కి ఆ క్షణంలో వాడి పీక పిసకాలనిపించింది. గెలిచింది చాలక మంచివాడు కూడా అయిపోతున్నాడు.

"తారుమారేం లేదు. గ్లాసులెక్కడ కడగాలి?" అన్నాడు.

ఒక గంటసేపు గ్లాసులు కడిగాడు, రెడ్‌బడ్ కుళాయి కింద, రెడ్‌బడ్ నీళ్ళతో. డోయల్ తువ్వాలు తెచ్చుకుని పక్కన నిలబడి ఒక్కొక్కటీ తుడిచి బోర్లించాడు. వెర్లిన్ వద్దనలేదు. ఆ నీళ్ళు చేతుల మీద పడుతుంటే ఆయనకి ఒకటే ఆలోచన. నాలుక ఎప్పుడు చెడింది? ముసలితనమా? జ్వరమొచ్చిందా? తన బిడ్డ గొంతు తను గుర్తుపట్టనట్టు, ఇదెలా జరిగింది?

తిరుగుదారిలో ఓనీడా కారు నడిపింది. కొండ ఎక్కుతుంటే డిక్కీలో ప్లాస్టిక్ డబ్బాలు దడదడలాడాయి. అవి చర్చి నిమ్మరసం డబ్బాలని ఆవిడ ఎప్పుడో చెప్పింది. కొండ మీద మలుపులో ఆవిడ కారు పక్కకి తీసి ఆపేసింది.

"నీ నాలుక తప్పు కాదు వెర్లిన్."

"మరెవరిది?"

"నాది. నువ్వింట్లో తాగేవి అవే."

"ఏవి?"

"నాలుగో గ్లాసువి." ఆవిడ స్టీరింగ్ వదల్లేదు. "కూజాలోవి, కాఫీలోవి, బీన్సు ఉడకేసేవి. లర్లీన్ కుళాయిలో పట్టుకొస్తున్నా. రెండేళ్ళు కావస్తోంది. పాస్టర్ గారి భార్య మనింటికొచ్చినప్పుడు గ్లాసులో నీళ్ళు చూసి, తాగినట్టు నటించి కుండీలో పోసింది. నేను వంటింట్లోంచి చూశాను. పది నిమిషాలు వదిలాను వెర్లిన్, అరగంట వదిలాను. తేటగా రాలేదు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"రోజూ ఆ గ్లాసు తాగి కళ్ళు మూసుకునేవాడివి. ఏమని చెప్పను?"

వెర్లిన్ కారు దిగి తలుపు ధడేలున వేశాడు. ఊరు డోయల్ నీళ్ళు తాగితే తాగనీ, రాజధాని వాడికి పట్టాభిషేకం చెయ్యనీ. తన ఇంట్లో, తన ఫ్రిజ్‌లో, పెళ్ళికొచ్చిన ఆ పువ్వుల కూజాలో కూడా వాడేనా? భార్య ఎవరితోనో తిరుగుతోందని విన్నవాడికి ఎలా ఉంటుందో ఆయనకి అచ్చంగా అలాగే ఉంది. పైగా రెండేళ్ళపాటు తనే రోజూ మెచ్చుకున్నాడు. వాణ్ణి తిట్టిన ప్రతి సాయంత్రమూ వాడి నీళ్ళతోనే గొంతు తడుపుకుని తిట్టాడు.

కోపంగా డిక్కీ తెరిచాడు. ఒక్కో గ్యాలన్ పట్టే డబ్బాలు ఎనిమిది. నాలుగు ఖాళీ, నాలుగు నిండుగా ఉన్నాయి. పండగరోజు కూడా ఆవిడ ఒక చుట్టు లర్లీన్ ఇంటికి వెళ్ళొచ్చిందన్నమాట. విసిరేద్దామని ఒకటి ఎత్తాడు.

బరువుగా ఉంది.

నీళ్ళ వాళ్ళందరికీ కంఠతా వచ్చిన అంకె ఒకటుంది. గ్యాలన్ నీళ్ళ బరువు ఎనిమిది పౌండ్ల పైన మూడోవంతు. లైసెన్సు పరీక్షలో మొదటి ప్రశ్న అదే. డోయల్‌కి కూడా మొదట నేర్పింది అదే. వెర్లిన్ బుర్ర ఆయన అడక్కుండానే లెక్క కట్టేసింది. ఎనిమిది డబ్బాలు. వారానికి రెండుసార్లు. రెండేళ్ళు. దాదాపు ఏడు టన్నులు.

ముప్ఫై తొమ్మిదేళ్ళు ఆయన నీళ్ళని పంపులతో ఎత్తాడు. ఈవిడ ఏడు టన్నుల నీళ్ళని చేత్తో మోసింది. చెడిపోయిన మోకాలితో, పెరటి గుమ్మం ఏడు మెట్లెక్కి, ఆయన ప్లాంటు నుంచి ఇంటికి రాకముందే, ఆయనకి తెలియకుండా. ఊళ్ళో ఇంకెందరు ఆడవాళ్ళు ఇలా మోస్తున్నారో ఆయన బుర్ర లెక్కకట్టబోతే బలవంతంగా ఆపాడు. డబ్బా మెల్లిగా డిక్కీలో పెట్టాడు.

కార్లో కూర్చున్నాక అడిగాడు. "మరి దుప్పట్లు?"

"నాకు కుట్టడం రాదు కదయ్యా" అంది ఓనీడా. ఏడుస్తూనే కొంచెం నవ్వింది.

సోమవారం నాలుగున్నరకి ఆయన మేవిస్ ఇంటికెళ్ళాడు. ఆవిడ గుమ్మంలోనే ఫారం అందుకుని పదకొండో గడి చూసింది. మళ్ళీ చూసింది.

"యాభై ఎనిమిదా? పన్నెండు ఎక్కడికి పోయింది?"

"నేలలోకి. మిగతా వాటితో పాటే" అన్నాడు వెర్లిన్. "నా గురించి బోర్డులో ఎవరైనా ఏమైనా అంటే అననివ్వు. అడ్డుపడకు."

"లోపలికి రా, 'పై' తిని కాఫీ తాగుదువుగాని."

"కాఫీ వద్దు. నీ నీళ్ళు బాగోవు" అన్నాడు. మేవిస్ బడిలో పిల్లల్ని చూసినట్టు కళ్ళురిమి చూసి, తర్వాత ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన అది దులిపేసుకున్నంత పని చేసి ట్రక్కెక్కాడు.

నిధులు వచ్చి, కొండ మీదుగా పైపు పడడానికి ఇంకా రెండేళ్ళు పట్టొచ్చన్నారు. మంగళవారం ఓనీడా బయల్దేరబోతే కారు డిక్కీలో డబ్బాలు కనపడలేదు. ట్రక్కు కూడా లేదు.

వెర్లిన్ లర్లీన్ ఇంటి పక్క కుళాయి దగ్గర వంగి డబ్బాలు నింపుతున్నాడు. రెడ్‌బడ్ వాటర్ అన్న అక్షరాలున్న కొత్త ట్రక్కు ఆ దారిన వచ్చి, కొంచెం ముందుకెళ్ళి, వెనక్కొచ్చి ఆగింది. వెర్లిన్ ఆ ట్రక్కు టైర్లు కూడా చూశాడు. కొత్తవి. మంట ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉంది.

డోయల్ దిగి టోపీ తీశాడు. డబ్బాల వైపు చూశాడు. "ఇలా ఇవ్వు బాబాయ్, నేనెక్కిస్తా."

"అక్కర్లేదు. నాకు చేతులున్నాయి." వెర్లిన్ చివరి డబ్బాలోంచి ఒక గుక్క తాగి, మూత బిగించి, ఎత్తి ట్రక్కులో పెట్టాడు. నడుము పట్టుకుని నిలబడ్డాడు. "ఒరేయ్, ఈ వారం క్లోరిన్ కాస్త ఎక్కువేస్తున్నావు. చూసుకో."

డోయల్ ఆశ్చర్యపోయాడు. "అవును, నిన్ననే కొద్దిగా పెంచాను. మీటరులో కూడా సరిగ్గా తెలియదు. నీకెలా తెలిసింది?"

"రెండేళ్ళుగా తాగుతున్నాన్రా, నాకు తెలీదా?" అన్నాడు వెర్లిన్.